పిలవని పేరంటపు ఉత్తరాలు

ఉడుమలపేటలో మా అయ్యవారు ఒకరున్నారు. ఒకటో తరగతి నుంచి ఐదో తరగతి దాకా నాకు తెలుగు నేర్పినవారు ఆయనే. ఇప్పుడు ఎనభై దాటాయి. పెన్షను మీద కాలక్షేపం. కొడుకు సంసారం బెంగుళూరులో ఉంది, ఇక్కడ ముసలి దంపతులిద్దరే. మనుమడు కొనిచ్చిన ఫోనులో ఈ-మెయిల్ చూసుకోవటం నేర్చుకున్నారు. 2024 నవంబరులో ఆయనకొక ఉత్తరం వచ్చింది. పెన్షనుదారులు ఏటా ఇచ్చుకోవలసిన లైఫ్ సర్టిఫికెట్టు గడువు ముగియబోతున్నదనీ, కింద నీలి రంగులో ఉన్న చోట నొక్కి వివరాలు నింపకపోతే వచ్చే నెల పెన్షను ఆగిపోతుందనీ దాని సారాంశం. పైన ఒక బ్యాంకు పేరూ ముద్రా ఉన్నాయి. ఉత్తరమంతా తెలుగులో ఉంది. ఒక్క అక్షరం తప్పు లేదు.

ఆయన నింపారు. పొద్దుగుంకే లోపల ఖాతాలోంచి 62 వేల రూపాయలు పోయాయి.

నాకు ఫోన్ చేసింది మరునాడు మధ్యాహ్నం. సిగ్గుపడి రాత్రంతా ఎవరికీ చెప్పలేదట. "అబ్బయ్యా, నువ్వు బ్యాంకులో ఉండావు గదా, నీకు చెప్పకపోతే ఎవరికి చెప్పేది" అని మొదలుపెట్టి అంతా చెప్పి, చివర ఒక మాట అన్నారు. "ఇన్నేండ్లలో ఏ ఆఫీసూ నాకు తెలుగులో ఒక ముక్క రాసింది లేదు రా. తెలుగు అక్షరం చూస్తానే మనోళ్ళే రాసినారనుకుంటి."

నాకు నోట మాట రాలేదు. ఆ మాటే ఇప్పుడు నాచేత ఈ వ్యాసం రాయిస్తున్నది. నేను సాహితీవేత్తను కాను, కంప్యూటరు నిపుణుణ్ణీ కాను. బి.కాం. చదివి బ్యాంకులో చేరి, జమాఖర్చులు చూస్తూ తల నెరిసినవాణ్ణి. అందుచేత ప్రపంచమంతా స్పామ్ అని పిలుస్తున్న ఈ చెత్త ఉత్తరాల చరిత్రను నాకు చేతనైన పద్ధతిలోనే, లెక్కల పుస్తకం తిరగేసినట్టు చెబుతాను. ఖర్చు ఎవరిది? లాభం ఎవరిది? ఈ రెండు ప్రశ్నలు పట్టుకుని నడిస్తే దారి తప్పదు.

కార్డుముక్కల కాలం

అడగని ఉత్తరాలు మనకు కొత్త కాదు. 1980 ప్రాంతంలో మా ఇంటికి అప్పుడప్పుడూ ఒక పోస్టుకార్డు వచ్చేది. రాసినవారి పేరుండదు. ఫలానా క్షేత్రంలో స్వామి సర్పరూపంలో వచ్చి పూజారితో మాట్లాడాడనీ, ఈ సంగతి 21 మందికి రాసి పంపినవారికి ధనలాభమనీ, చించి పారేసినవారికి కీడు తప్పదనీ ఉండేది. ఈ పత్రికను చదివే పెద్దల్లో ఆ కార్డు అందుకోనివారు అరుదనుకుంటాను. మా అవ్వకు చదువు రాదు, భయం మాత్రం వచ్చు. ఒకసారి నన్ను కూర్చోబెట్టి 21 కార్డులూ రాయించింది. నా వేళ్ళు నొప్పి పుట్టి, పదిహేనో కార్డు నుంచి శాపాన్ని సగానికి కుదించేశాను.

అప్పుడు కార్డు 15 పైసలు. 21 కార్డులకు మూడు రూపాయల పదిహేను పైసలు. అది అవ్వ కొంగుముడి విప్పి ఇచ్చిన డబ్బు. ఆ పైన నా ఒక ఆదివారం. అంటే భయపెట్టే ఉత్తరం పంపాలన్నా పంపేవాడికి డబ్బూ, ఒళ్ళు నొప్పీ తప్పేవి కావు. అందుకే ఆ గొలుసు ఎక్కడో ఒకచోట తనంతట తానే తెగిపోయేది. ఈ సంగతి గుర్తుంచుకోండి. మిగిలిన కథంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

తంతి నుంచి తెర దాకా

వ్యాపారం కోసం అడగని కబురు పంపి జనానికి చిరాకు తెప్పించటం కూడా పాతదే. 1864 మే నెలలో లండనులో కొందరు పార్లమెంటు సభ్యుల ఇళ్ళకు రాత్రివేళ టెలిగ్రాములు వచ్చాయి. ఆ రోజుల్లో టెలిగ్రామంటే చావుకబురో యుద్ధవార్తో అని గుండె దడ. విప్పి చూస్తే, హార్లీ వీధిలోని ఒక దంతవైద్యుల సంస్థ తమ పనివేళలను తెలియజేసుకున్నది. ఒక పెద్దమనిషి మండిపడి టైమ్స్ పత్రికకు ఫిర్యాదు ఉత్తరం రాశాడు. అయినా టెలిగ్రాముకు పంపినవాడే రుసుము కట్టాలి కాబట్టి, అది రోజువారీ బెడద కాలేదు.

కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవటం మొదలయ్యాక లెక్క తలకిందులయింది. అమెరికాలో రక్షణశాఖ డబ్బుతో నడిచిన ఆర్పానెట్ నేటి ఇంటర్నెట్‌కు తాత వంటిది. దానికి నియమాలు రాసిన పెద్దల్లో ఒకరైన జాన్ పోస్టెల్ 1975 నవంబరులోనే ఒక చిన్న పత్రం రాశారు. అక్కరలేని ఉత్తరాలు వచ్చి పడుతుంటే, ఫలానా చోటి నుంచి వచ్చేవి నాకు వద్దని చెప్పే ఏర్పాటు మన యంత్రాలకు లేదే అని అందులో హెచ్చరించారు. పట్టించుకున్నవారు తక్కువ. అప్పుడు ఆ వలలో ఉన్నవారంతా పండితులు, ఒకరినొకరు ఎరిగినవారు. ఊళ్ళో అందరూ బంధువులే అయినప్పుడు తలుపుకు గొళ్ళెమెందుకు?

1978 మే 3న ఆ తలుపు తోసుకుని ఒక వ్యాపారి వచ్చాడు. డిజిటల్ ఎక్విప్‌మెంట్ అనే కంప్యూటర్ల కంపెనీలో అమ్మకాలు చూసే గ్యారీ తుర్క్, తమ కొత్త యంత్రాల ప్రదర్శనకు రమ్మని దాదాపు 400 మందికి ఒకే ఉత్తరాన్ని ఒకేసారి పంపాడు. తిట్లు పడ్డాయి, అధికారుల మందలింపూ వచ్చింది. కానీ ఆ ఉత్తరం వల్ల కోటి డాలర్లకు పైగా అమ్మకాలు జరిగాయని ఆయనే తర్వాత చెప్పుకున్నాడు. రుచి మరిగితే ఆగేదెవరు?

స్పామ్ అన్న పేరు పెట్టింది తర్వాతివారు. 1937 నుంచి అమెరికాలో డబ్బాలలో అమ్ముతున్న పందిమాంసం పేరది. 1970లో బ్రిటిష్ టెలివిజన్లో మాంటీ పైథాన్ బృందం ఒక ప్రహసనం ఆడింది. హోటలుకు వెళ్ళి ఏ పలహారం అడిగినా అందులో స్పామ్ ఉంటుంది. వద్దన్నకొద్దీ అదే పేరు పాటలాగా మోగుతుంది. వద్దన్నా వడ్డించే ఉత్తరాలకు 1990ల మొదట్లో ఆ పేరు స్థిరపడింది.

1994 ఏప్రిల్ 12న అసలు వరద వచ్చింది. ఆరిజోనాలో క్యాంటర్, సీగెల్ అనే న్యాయవాద దంపతులు, అమెరికా గ్రీన్‌కార్డు లాటరీకి దరఖాస్తులు నింపిపెడతామన్న ప్రకటనను యూజ్‌నెట్ అనే చర్చావేదికలో ఐదువేలకు పైగా విభాగాల్లో ఒక్కుమ్మడిగా పడేశారు. తోటల పెంపకం గురించి మాట్లాడుకునే చోటా అదే, సంగీతం గురించి మాట్లాడుకునే చోటా అదే. మనవాళ్ళకు ఇందులో ఒక చమత్కారముంది. గ్రీన్‌కార్డు మాట వింటే చెవులు నిక్కబొడుచుకునేవారిలో అప్పటికే మన తెలుగు ఇంజనీర్లు చాలామంది. కానీ ఆ లాటరీలో భారతదేశంలో పుట్టినవారికి అర్హతే లేదు. యూజ్‌నెట్లో తెలుగువారికీ ఒక విభాగముండేది. తెర మీద తెలుగు అక్షరం రాని ఆ రోజుల్లో, రైస్ విశ్వవిద్యాలయం పేరు మీద వచ్చిన ఆర్.టి.ఎస్. పద్ధతిలో ఇంగ్లీషు అక్షరాలతోనే తెలుగు రాసుకుని మురిసిపోయేవారు. అటువంటి చోట్లన్నీ క్రమంగా ప్రకటనల చెత్తతో నిండి, మాట్లాడుకునేవారు ఒక్కొక్కరే లేచిపోయారు. సంతలో గుడి కట్టినట్టయింది.

ఆ దంపతులు లక్ష డాలర్లకు పైగా ఆర్జించామని చాటుకుని, ఆ కిటుకు చెబుతూ పుస్తకం కూడా వేశారు. 1997లో టెనెసీ రాష్ట్రం క్యాంటర్ వకాల్తా హక్కును రద్దు చేసింది. దానికి చెప్పిన కారణాల్లో ఈ ప్రకటనా ఒకటి.

మా తిరుప్పూరు సంగతి

మాది బనియన్ల ఊరు. మా ఊరి ఎగుమతిదార్లు 1990లో సంఘం పెట్టుకునే నాటికే ఇక్కడి బట్టలు ఖండాంతరాలకు వెళుతున్నాయి. బయటి దేశపు ఉత్తరం మీద బతికే ఊరు కాబట్టి, బయటి దేశపు మోసమూ మాకు ముందుగానే వచ్చింది. 1990లలో నేను కొత్తగా ఉద్యోగంలో చేరినప్పుడు, ఖాతాదార్లు అప్పుడప్పుడూ ఫ్యాక్సు కాగితాలు పట్టుకొచ్చి చూపేవారు. నైజీరియాలో ఒక పెద్ద అధికారి చనిపోయాడు, కోట్ల డాలర్లు మూలుగుతున్నాయి, మీ ఖాతా వాడుకోనిస్తే నూటికి ముప్పై మీకిస్తాం, ముందు చిన్న ఖర్చులకు కొంచెం పంపండి అన్నది వాటి వరస. ఆ దేశపు శిక్షాస్మృతిలో మోసానికి సంబంధించిన సెక్షను 419 కాబట్టి వాటికి ఆ అంకె పేరే పడింది. ఫ్యాక్సుకు అంతర్జాతీయ టెలిఫోను ఛార్జీ కట్టాలి గనుక ఊరికి నాలుగు వచ్చేవి.

1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ మద్రాసుతో సహా మహానగరాల్లో ప్రజలకు ఇంటర్నెట్ అందించింది. మా ఊరి ఆఫీసులకు ఈ-మెయిల్ అలవాటయ్యేసరికి మరికొన్నేళ్ళు పట్టింది. అది వచ్చాక నాలుగు కాస్తా నాలుగు వందలయ్యాయి. నకిలీ మందులు, నకిలీ గడియారాలు, లాటరీలు, వయసొచ్చిన పిల్లలున్న ఇంట్లో తెర తిప్పుకోవలసిన బొమ్మలు, ఇవి చికాకు మాత్రమే. అసలు నష్టం వీటి నీడలో నక్కి వచ్చింది.

నాకు తెలిసిన ఒక ఎగుమతిదారు సరుకు పంపి డబ్బు కోసం ఎదురుచూస్తున్నాడు. దీపావళి ముందు. కూలీలకు బోనసు ఇవ్వాలి. విచారిస్తే, ఐరోపాలోని కొనుగోలుదారు మూడు వారాల కిందటే పంపేశానన్నాడు. మీ బ్యాంకు మారింది, కొత్త ఖాతాకు పంపమని మీరే రాశారు గదా అన్నాడు. ఆ ఉత్తరం తెప్పించి చూశాం. చిరునామా అచ్చం మావాడిదే. అద్దం పెట్టి చూస్తే, ఇంగ్లీషు 'ఎమ్' ఉండవలసిన చోట 'ఆర్', 'ఎన్' పక్కపక్కన ఒదిగి కూర్చున్నాయి. వీళ్ళిద్దరి ఉత్తరాలనూ ఎవడో నెలల తరబడి చదివి, అదను చూసి మధ్యలో దూరాడు. అంతకు ముందెప్పుడో ఆ ఆఫీసులో ఎవరో కొరియరు రసీదనుకుని ఒక చెత్త ఉత్తరపు జోడింపును తెరిచారు. చెత్తలో వచ్చిన విత్తు ఆ విధంగా మొలిచింది. ఆ దీపావళికి ఆయన భార్య నగలు బ్యాంకుకు వచ్చాయి.

పెద్ద సంస్థలకూ ఇదే గతి పట్టింది. 2015 జనవరిలో బంగ్లాదేశ్ కేంద్ర బ్యాంకు ఉద్యోగులకు కొన్ని ఉద్యోగ దరఖాస్తులు ఈ-మెయిల్లో వచ్చాయి. వాటిని తెరవటంతో దొంగలు లోపలికి ప్రవేశించారు. 2016 ఫిబ్రవరిలో 95 కోట్ల డాలర్లు లాగబోయి 8 కోట్ల 10 లక్షల డాలర్లు దక్కించుకున్నారు. శ్రీలంకకు మళ్ళించిన మరో రెండు కోట్లు, 'ఫౌండేషన్' అన్న మాటలో అక్షరాలు తప్పు రాసినందువల్ల అనుమానమొచ్చి ఆగాయి. ఒక తప్పు స్పెల్లింగు రెండు కోట్ల డాలర్లను కాపాడింది.

నేను చేసిన తప్పు

దొంగలను తిట్టే ముందు నా సంగతీ చెప్పుకోవాలి. 2004లో మా తెలుగువారం కొందరం ఉగాది సభ తలపెట్టాం. ఆహ్వానాలు అచ్చు వేయించి పంపే స్తోమతు లేదు. నాకొక ఉపాయం తోచింది. పాత సావనీరుల్లోంచి, విజిటింగు కార్డుల్లోంచి 300 ఈ-మెయిల్ చిరునామాలు ఏరి, అన్నీ ఒకే వరసలో అందరికీ కనపడేలా పెట్టి ఒక్క నొక్కుతో పంపేశాను. పైసా ఖర్చు కాలేదని సభలో గొప్పగా చెప్పుకున్నాను కూడా.

పది రోజులకు మదురై నుంచి ఒక పెద్దాయన ఫోన్ చేశారు. "నాయనా, మీ సభ బాగుండాలి. కానీ నా చిరునామా మీకిమ్మని నేనెప్పుడు చెప్పినాను? ఆ వరసలో ఉన్నవాళ్ళల్లో ఒకరు నాకిప్పుడు దినానికి రెండు ఇన్సూరెన్సు ఉత్తరాలు పంపతా ఉండారు" అన్నారు. నేను తలవంచుకున్నాను. ఉద్దేశం మంచిదే. అయితే గ్యారీ తుర్క్ చేసిందీ నేను చేసిందీ ఒకటే. అడగలేదు, ఖర్చు పెట్టలేదు, 300 మంది సమయాన్ని నా జమలో రాసుకున్నాను. స్పామ్ అంటే చెడ్డవాడు పంపే ఉత్తరం కాదు, సమ్మతి లేకుండా పంపే ఉత్తరం. ఈ నిర్వచనం నాకు పుస్తకం నేర్పలేదు, ఆ మదురై పెద్దాయన నేర్పారు.

కట్టిన అడ్డుకట్టలు

ముప్పై ఏళ్ళుగా దీన్ని ఆపటానికి లోకం నాలుగు మార్గాలు తొక్కింది.

మొదటిది చట్టం. ఇందులో రెండు ధర్మాలున్నాయి. వద్దన్నదాకా పంపవచ్చుననేది ఒకటి, సరేనన్నాకే పంపాలనేది మరొకటి. 2003 డిసెంబరులో అమెరికా చేసిన చట్టం మొదటిదాన్ని ఎంచుకుంది. ఐరోపా 2002లో, ఆస్ట్రేలియా 2003లో రెండోదాన్ని ఎంచుకున్నాయి. మన దేశంలో 2000 నాటి సమాచార సాంకేతిక చట్టంలో స్పామ్ ప్రస్తావనే లేదు. 2008 సవరణతో చేర్చిన 66-ఎ సెక్షనులో విసిగించే ఉత్తరాల గురించి ఒక మాట ఉండేది. అయితే ఆ సెక్షను నోరెత్తినవారిని పట్టటానికి వాడబడి, 2015 మార్చి 24న సుప్రీంకోర్టు దాన్ని మొత్తంగా కొట్టివేసింది. అది న్యాయమే. దాంతోపాటు ఉన్న ఒక్క ముక్కా పోయింది. మారువేషంతో మోసం చేస్తే 66-డి కింద మూడేళ్ళ దాకా శిక్ష ఉంది గాని, మోసం జరిగాక గదా అది? ఫోను సందేశాలకు టెలికాం నియంత్రణ సంస్థ 2018లో గట్టి నియమాలు పెట్టింది. కంపెనీ తన పేరునూ, పంపే వాక్యం నమూనానూ ముందే నమోదు చేసుకోవాలి. ఈ-మెయిలుకు ఆ కట్టడి లేదు. 2023లో వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చింది, దాని నియమాలు 2025 నవంబరులో వెలువడి దశలవారీగా అమలుకు వస్తున్నాయి. సమ్మతి అన్న మాట మన చట్టంలోకి గట్టిగా దిగింది ఇప్పుడే.

రెండోది జల్లెడ. 2002 ఆగస్టులో పాల్ గ్రాహం అనే ప్రోగ్రామరు ఒక ఉపాయాన్ని ప్రచారంలోకి తెచ్చాడు. మంచి ఉత్తరాల్లో ఏ మాట ఎన్నిసార్లు వస్తుంది, చెత్తలో ఎన్నిసార్లు వస్తుందని యంత్రం లెక్క కడుతుంది. కొత్త ఉత్తరం రాగానే దాని మాటలను బట్టి చెత్త అయ్యే అవకాశమెంతో తేలుస్తుంది. దీని వెనకనున్న గణితం 1763లో అచ్చయిన ఒక ఇంగ్లీషు మతాచార్యుడిది, ఆయన పేరు థామస్ బేయస్. నేటి జల్లెడలు దీని మనుమలూ మునిమనుమలూ. అయితే జల్లెడకు మేత కావాలి. ఇంగ్లీషులో కోట్ల ఉత్తరాలు తిని ఎదిగిన జల్లెడకు తెలుగు అంతగా పరిచయం లేదు.

మూడోది తపాలాబిళ్ళ. ప్రతి ఉత్తరానికీ పంపేవాడి కంప్యూటరు కొద్ది క్షణాలు చెమటోడ్చాలని 1992లో డ్వార్క్, నావోర్ అనే శాస్త్రజ్ఞులు సూచించారు. 1997లో ఆడమ్ బ్యాక్ హ్యాష్‌క్యాష్ పేరుతో దాన్ని ఆచరణలో పెట్టాడు. ఒక ఉత్తరానికి ఆ శ్రమ లెక్కలోకి రాదు, కోటికైతే నడుం విరుగుతుంది. మా అవ్వ కార్డుల న్యాయమే ఇది. 2004 జనవరిలో బిల్ గేట్స్ ఇటువంటి ఉపాయాలను తలచుకునే రెండేళ్ళలో స్పామ్ బెడద తీరిపోతుందన్నారు. తీరలేదు. దొంగలు తమ కంప్యూటర్లు వాడితే గదా చెమటోడ్చేది? మన ఇళ్ళలోని కంప్యూటర్లకు రోగం తగిలించి వాటిచేత వెట్టి చేయించుకున్నారు.

నాలుగోది సంతకం. ఈ-మెయిల్ నియమాలను 1982లో పోస్టెల్ క్రోడీకరించినప్పుడు, పంపినవారి పేరు నిజమా కాదా అని చూసే ఏర్పాటు లేదు. ఇన్లాండ్ కవరు వెనక ఎవరి చిరునామా అయినా రాయవచ్చు గదా, అలాగే. ఇప్పుడు మూడు ఏర్పాట్లు వచ్చాయి. వాటిని ఎస్.పి.ఎఫ్., డి.కె.ఐ.ఎమ్., డి-మార్క్ అంటారు. మా బ్యాంకు భాషలో చెబితే, మొదటిది మా తరఫున ఉత్తరాలు తెచ్చే బంట్రోతుల జాబితా. రెండోది కవరు మీద లక్క ముద్ర. మూడోది, జాబితాలో లేనివాడో ముద్ర చెడినదో వస్తే ఏం చేయాలన్న మా లిఖిత ఆదేశం. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్, యాహూ సంస్థలు రాశులుగా ఉత్తరాలు పంపేవారికి ఈ మూడింటినీ తప్పనిసరి చేశాయి. అయినా సంతకం ఉన్నవాడల్లా సజ్జనుడు కాడు. దొంగ కూడా తన సొంత పేరుతో ముద్ర చేయించుకోగలడు.

ఇన్ని చేసినా ఒకప్పుడు లోకంలో తిరిగే ఈ-మెయిళ్ళలో నూటికి ఎనభైకి పైగా ఉన్న చెత్త నేటికీ దాదాపు సగం ఉంది. మొత్తం ఉత్తరాలే ఎన్నో రెట్లు పెరిగాయి కాబట్టి సగమన్నా అది సముద్రమే.

డబ్బు పోయే దారి

ఇప్పుడు నా వృత్తికి సంబంధించిన భాగానికి వస్తాను. 2008లో కాలిఫోర్నియా పరిశోధకులు కొందరు దొంగల వలలోకే చొరబడి లెక్క తీశారు. మందులమ్మే ఉత్తరాలు సుమారు 35 కోట్లు పోతే, 28 మంది కొనటానికి సిద్ధపడ్డారు. కోటీ పాతిక లక్షల ఉత్తరాలకు ఒక్క బేరం! పదిహేను పైసల కార్డు లెక్కన 35 కోట్ల ఉత్తరాలకు ఐదు కోట్ల పాతిక లక్షల రూపాయలవుతుంది. వచ్చిన బేరం మొత్తం రెండువేల ఏడువందల డాలర్ల చిల్లర. పోస్టాఫీసు ఉన్న లోకంలో ఈ వ్యాపారం పుట్టనే పుట్టదు. ఖర్చు మన నెత్తిన వేయగలిగారు కాబట్టే పుట్టింది.

అదే పరిశోధకుల వర్గం 2011లో మరో పని చేసింది. చెత్త ఉత్తరాల్లోని సరుకులను తామే కొని, ఆ డబ్బు చివరకు ఎక్కడ జమ అవుతుందో చూసింది. ఉత్తరాలు పంపే యంత్రాలు లక్షలు, వెబ్‌సైట్లు వేలు. కానీ డబ్బు వసూలు చేసుకునే బ్యాంకులు గుప్పెడు. నూటికి 95 పాళ్ళ సరుకు డబ్బు ఆ గుప్పెడు బ్యాంకుల ద్వారానే నడుస్తున్నది. ఇది చదివినప్పుడు బ్యాంకు ఉద్యోగిగా నాకు సిగ్గు వేసింది, ధైర్యమూ కలిగింది. లక్ష పుట్టలున్నా పాము దూరే కన్నం ఒకటే అయితే, కాపలా అక్కడ పెట్టాలి.

మా అయ్యవారి డబ్బు కూడా అలాగే నడిచింది. ఒక్క రాత్రిలో మూడు ఖాతాలు మారి, చివర ఏటీఎమ్‌లో నోట్లయింది. పోలీసులు చెప్పిన ప్రకారం ఆ చివరి ఖాతా మా తిరుప్పూరులోదే. ఒడిశా నుంచి బనియన్ కంపెనీకి పనికి వచ్చిన ఒక కుర్రవాడిది. ఐదు వేలకు తన ఖాతా పుస్తకం, కార్డు ఎవరికో అద్దెకిచ్చాడు. దేనికి వాడతారో వాడికి తెలియదు. వాడి ఖాతాను ఏ బ్యాంకు తెరిచిందో ఆ బల్ల దగ్గర నావంటి అధికారి ఒకడు కూర్చుని ఉంటాడు. నలభై నిమిషాల్లో నలభై ఖాతాలు తెరవమని పైనుంచి ఒత్తిడి ఉంటే, ఎదుటివాడి ముఖం చూసి మాట్లాడే తీరిక ఎక్కడిది? ఇది నా మీద నేను రాసుకుంటున్న ఫిర్యాదు.

తెలుగులో వస్తే తెలుగువారు కారు

ఇక అయ్యవారి మాటకు వస్తాను. ఇంతకాలం మనకొక అనుకోని కవచముండేది. మోసపు ఉత్తరాలు వంకర ఇంగ్లీషులో వచ్చేవి. పెద్దవాళ్ళు చదివేవారు కాదు, చదివినవారు నవ్వేవారు. ఇప్పుడు యంత్రం ఏ భాషలో కావాలంటే ఆ భాషలో, తప్పు లేకుండా రాసిపెడుతున్నది. తప్పు స్పెల్లింగు రెండు కోట్ల డాలర్లు కాపాడిన కాలం వెళ్ళిపోయింది.

దీని దెబ్బ మనవంటివారికి ఎక్కువ. ఆంధ్రలోనో తెలంగాణలోనో ఉన్నవాడికి తెలుగు ఉత్తరం గాలి వంటిది, ప్రత్యేకంగా గమనించడు. నాయకరాజుల కాలం నుంచీ ఈ కొంగునాట, మదురైసీమలో ఉంటూ, ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, ఆఫీసులో ఇంగ్లీషుగా బతికే మనకు తెలుగు అక్షరం కనపడితే పుట్టింటి మనిషి గుమ్మంలో నిలబడ్డట్టు ఉంటుంది. ఆ గుమ్మం దగ్గరే ఇప్పుడు దొంగ వచ్చి నిలబడ్డాడు.

ఇంకో వింత. ఆ నెలలోనే అయ్యవారి ఫోను తీసి చూశాను. ఇదే పత్రికవారు పంపిన తెలుగు సమాచారం ఆయన చెత్తబుట్టలో పడి ఉంది. మోసపు ఉత్తరం మాత్రం దర్జాగా లోపల కూర్చుంది. తెలుగు ఎరగని జల్లెడ మనవాణ్ణి బయటికి తోసి, దొంగకు పీట వేసింది.

కాబట్టి నేను చెప్పదలచినవి ఇవి. వారానికొకసారి చెత్తబుట్ట తెరిచి, అందులో పడ్డ మంచి తెలుగు ఉత్తరాలకు 'ఇది స్పామ్ కాదు' అని గుర్తు పెట్టండి. చెడ్డవాటిని ఊరికే తుడిచేయక 'ఇది స్పామ్' అని నొక్కండి. జల్లెడకు తెలుగు నేర్పే పని మనం తప్ప ఇంకెవరూ చేయరు. తెలియని ఉత్తరానికి వద్దని జవాబు కూడా రాయకండి. ఈ చిరునామాలో మనిషున్నాడని చెప్పినట్టే అవుతుంది. బ్యాంకు పేరుతో వచ్చినదాంట్లో ఎక్కడా నొక్కకండి. 2025 అక్టోబరు 31 లోపల బ్యాంకులన్నీ తమ వెబ్ చిరునామాలను 'డాట్ బ్యాంక్ డాట్ ఇన్' తోకకు మార్చుకోవాలని రిజర్వు బ్యాంకు ఆదేశించింది. ఆ పేర్లు నమోదు చేసేది హైదరాబాదులోని ఐ.డి.ఆర్.బి.టి. సంస్థ. ఆ తోకను మీ వేళ్ళతోనే టైపు చేసి వెళ్ళండి. వ్యాపారులు, ఖాతా మారిందని ఉత్తరం వస్తే, పాత నంబరుకు ఫోన్ చేసి గొంతు విన్నాకే డబ్బు పంపండి. సభల నిర్వాహకులు నాలాగా చేయకండి. అడిగి పంపండి, ఒకరి చిరునామా మరొకరికి కనపడనీయకండి. డబ్బు పోతే సిగ్గుపడి రాత్రంతా కూర్చోకండి. వెంటనే 1930కి ఫోన్ చేయండి. మా అయ్యవారు ఆ సాయంత్రమే చేసి ఉంటే మొదటి ఖాతాలోనే డబ్బును ఆపే వీలుండేది.

ఇంకొక్క ఉపాయం, ఇది ఏ యంత్రశాస్త్రజ్ఞుడూ చెప్పనిది. యంత్రానికి పుస్తకాల తెలుగు వచ్చింది గాని మన ఇంటి తెలుగు ఇంకా రాలేదు. అనుమానమొస్తే ఆ వచ్చినవాణ్ణి "ఏందబ్బయ్యా, బువ్వ తింటివా, ఏ ఊరు మీది, మీ అవ్వది ఏ ఊరు?" అని అడగండి. రేపో మాపో అది కూడా నేర్చుకుంటుందేమో. నేర్చుకునేలోగా మన పిల్లలకు నేర్పుకుందాం.

62 వేలలో ఒక్క రూపాయి తిరిగి రాలేదు. కేసు నడుస్తున్నది. 2025 ఉగాదికి అయ్యవారి దగ్గర నుంచి నాకు అర్ధరూపాయి పోస్టుకార్డు వచ్చింది. వణుకుతున్న గుండ్రటి అక్షరాలతో నాలుగు వరసల ఆశీర్వచనం. కింద ఒక మూల, "ఇది నేనే రాసినాను, చేతిరాత చూసుకో" అని ఉంది.